ఊపిరికి నాదం తోడైతే

విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాడు. ఆ లెక్క ఎవరూ పెట్టుకోరు, పెట్టుకోనక్కర్లేదు కూడా. మెదడు అడుగుభాగంలోని నాడీకేంద్రాలు రాత్రింబవళ్లు ఆ పని చూసుకుంటాయి. గుండె వేగాన్నో, అరుగుదలనో నేరుగా శాసించలేని మనిషి ఊపిరిని మాత్రం అనుకున్న క్షణాన తన చేతిలోకి తీసుకోగలడు. బిగబట్టగలడు, సాగదీయగలడు, పాటగానో పద్యంగానో మంత్రంగానో మార్చగలడు. ఊపిరి, గొంతు కలిపి చేసే సాధనలన్నీ ఈ ఒక్క వెసులుబాటు మీదే నిలబడ్డాయి. వాటి వల్ల కలిగే మేలులో ఎక్కువ పాలు గాలి పీల్చడంలో కాక, వదలడంలో ఉంది. నెమ్మదిగా వదలడానికి గొంతును మించిన సాయం లేదు.

మామూలు ఊపిరిలో లోపలికి వెళ్లే గాలి దాదాపు 500 మిల్లీలీటర్లు. అందులో 150 మిల్లీలీటర్ల దాకా ముక్కులో, గొంతులో, శ్వాసనాళాల్లో ఉండిపోతుంది. ఊపిరితిత్తుల్లో రక్తానికి ఆక్సిజన్ అందించే గాలిగదుల దాకా అది చేరదు. నిమిషానికి 15 సార్లు ఇలా పీల్చితే ఏడున్నర లీటర్ల గాలి కదిలి, అయిదుంబావు లీటర్లు పనికొస్తాయి. అదే 6 సార్లు, లీటరు చొప్పున నిండుగా పీల్చితే కదిలేది 6 లీటర్లే, పనికొచ్చేది 5.1 లీటర్లు. కదలిక తగ్గినా ఫలం దాదాపు అంతే. పైపైన గబగబా పీల్చేటప్పుడు భుజాలు లేస్తాయి, మెడ బిగుసుకుంటుంది. నిండుగా పీల్చేటప్పుడు రొమ్ముకూ కడుపుకూ మధ్యనుండే ఉదరవితానం కిందికి దిగి, పొట్ట మెత్తగా ముందుకు వస్తుంది. ఎవరు ఎలా పీలుస్తున్నారో పొట్ట మీద చెయ్యి వేసుకుంటే చాలు, తెలిసిపోతుంది.

ఊపిరితో పాటు గుండె లయ కూడా మారుతుంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా గాలి పీల్చి, ఇంకా నెమ్మదిగా వదిలితే ఈ సంగతి వేళ్లకే అందుతుంది. పీల్చేటప్పుడు నాడి కాస్త వడి అందుకుంటుంది, వదిలేటప్పుడు మందగిస్తుంది. ముఖ్యంగా పిల్లల్లో, యువకుల్లో ఇది స్పష్టంగా ఉంటుంది. మెదడు నుంచి గుండెకూ పొట్టకూ దిగే వేగస్ నాడి, గాలి వదిలే వేళ గుండె మీద తన పట్టు బిగించడం ఇందుకు కారణం. ఆందోళనలో ఉన్న మనిషికి పక్కవాళ్లు గట్టిగా గాలి పీల్చుకోమని చెబుతుంటారు. తీరిగ్గా వదలమని చెప్పడం అంతకంటే మంచి సలహా.

అయితే ఊరికే గాలి వదలమంటే రెండు మూడు క్షణాల్లో అయిపోతుంది. నోట నాదం పలికితే కథ మారుతుంది. స్వరపేటికలోని రెండు తంత్రులు దగ్గరకు వచ్చి కంపిస్తూ, సగం బిగించిన కుళాయిలా గాలి దారిని సన్నబరుస్తాయి. అదే గాలి ఎనిమిది, పది సెకన్లు సాగుతుంది. పైగా చెవి కాపలా కాస్తుంది. ఊపిరి తడబడితే నాదం వణుకుతుంది, తొందరపడితే తెగిపోతుంది. గడియారంతో పనిలేదు.

భక్తితో చేసే పారాయణంలో ఈ మేలు ఎవరూ వెతక్కుండానే ఇమిడి ఉంది. అనుష్టుప్ శ్లోకంలో సగం 16 అక్షరాలు. అదే ఛందస్సులోని విష్ణు సహస్రనామాన్ని నింపాదిగా చదివే గుంపులో ఒక్కో సగం, అలవాటైనవాళ్లకు ఒక్కో శ్లోకం, ఒక్క గుక్కలో సాగిపోతుంది. మతాలు మారినా లెక్క మారకపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో 23 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. వాళ్లు క్రైస్తవుల లాటిన్ జపమాల ప్రార్థన చదివినా, బౌద్ధుల ‘ఓం మణి పద్మే హుం’ జపించినా ఊపిరి నిమిషానికి ఆరుకు దగ్గరగా వచ్చింది. రక్తపోటులో హెచ్చుతగ్గులను గుండె సర్దుబాటు చేసుకునే నేర్పు కూడా ఆ వేళ మెరుగుపడింది.

ఈ సాధనల్లో ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగినది భ్రామరి. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు చెప్పిన ఎనిమిది కుంభకాల్లో, అంటే ప్రాణాయామ పద్ధతుల్లో, ఇదొకటి. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, ముక్కుతో నిండుగా గాలి పీల్చాలి. పెదవులు మూసి, పళ్లు మాత్రం ఒకదానికొకటి తగలకుండా, గాలి వదులుతూ ‘మ్’ అని తుమ్మెద రొదలా పలకాలి. శ్రుతి కింది స్థాయిలో ఉంటే సుఖం. పెదవులు చక్కిలిగింత పెట్టినట్టయి, ముక్కు దూలంలో, చెంప ఎముకల్లో అదురు తెలిస్తే పద్ధతి కుదిరినట్టే. అదురంతా గొంతులోనే నిలిచిపోతే బలవంతం ఎక్కువైందని అర్థం. చెవి రంధ్రానికి ముందున్న చిన్న మృదులాస్థిని బొటనవేళ్లతో నొక్కి పట్టుకుంటే బయటి చప్పుళ్లు తగ్గి, నాదం తల నిండా మోగుతుంది. గాలి పూర్తిగా అయిపోయేదాకా పిండకూడదు. కొంచెం మిగిలుండగానే ఆపి, మళ్లీ తాపీగా పీల్చాలి.

ఈ రొదకు మరో గుణం ఉంది. ముక్కుకు అటూ ఇటూ ఎముకల్లో ఉండే సైనస్ గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుంది. రక్తనాళాలను సడలించడంలో దాని పాత్ర కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి దక్కింది. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన వైట్జ్‌బెర్గ్, లుండ్‌బెర్గ్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, ఊరికే గాలి వదిలినప్పటికంటే మూసిన నోటితో నాదం పలికినప్పుడు ముక్కులో ఆ వాయువు 15 రెట్లు ఎక్కువ కనిపించింది. నాదపు కంపనం వల్ల సైనస్ గదుల్లోని గాలి త్వరగా మారిపోతుందన్నమాట. అంతమాత్రాన సైనసైటిస్‌కు ఇది మందు కాదు. ఆ మాట చెప్పి మందులు మాన్పించేవాళ్లను నమ్మకూడదు.

గొంతే జీవనాధారమైన ఉపాధ్యాయులకు ఇంకో తేలిక సాధన ఉంది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొన రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, బుడగలు సమంగా వచ్చేలా ‘ఊ’ అని స్వరం పలకాలి. స్ట్రాలో గాలికి అడ్డు తగలడంతో నోట్లో ఒత్తిడి పెరిగి, స్వర తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా కంపిస్తాయి. స్వరచికిత్స నిపుణులు ఈ పద్ధతిని విరివిగా వాడుతున్నారు. సంగీతం నేర్చుకునేవాళ్లు తెల్లవారుజామున మంద్రస్థాయిలో చేసే అకార సాధన కూడా గొంతును ఇలా నెమ్మదిగానే మేల్కొలుపుతుంది. బ్రిటన్‌లో సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల కోసం పాటల బృందాలు నడుపుతున్నారు. ఊపిరితిత్తులు బాగుపడతాయని కాదు, ఉన్న ఊపిరిని పొదుపుగా వాడడం అక్కడ అలవడుతుంది.

వ్యవధి విషయంలో అత్యాశ అక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు అయిదు నిమిషాల చొప్పున నెల రోజులు దీర్ఘంగా గాలి వదిలే సాధన చేసినవాళ్ల మనఃస్థితి మెరుగుపడింది. నిద్రకు ముందు, పరీక్ష హాలు బయట, కోపంతో ఫోను పెట్టేసిన వెంటనే ఆ అయిదు నిమిషాలూ దొరుకుతాయి. భోజనం చేసిన వెంటనే మాత్రం వద్దు.

వేగంగా చేసే కపాలభాతి, భస్త్రిక వేరే సంగతి. వాటిలో కార్బన్ డయాక్సైడ్ అతిగా బయటికి పోతే మెదడు రక్తనాళాలు కుంచించుకుని తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బీపీ, గుండెజబ్బు, మూర్ఛ, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు వాటి జోలికి పోకూడదు. ఊపిరి బిగబట్టే సాధనలూ వీళ్లకు తగవు. చెవిలో ఇన్ఫెక్షన్ ఉంటే భ్రామరి కూడా కొన్నాళ్లు ఆపాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు సాధన మొదలుపెట్టినా ఇన్హేలర్ మానకూడదు. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే సాధనలు పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి.