మీకు తెలుసా? పుట్టమన్నులో పిల్లల సంబురం

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఏది ఎక్కువ సంతోషాన్నిస్తుంది? 2011లో యునిసెఫ్ కోసం బ్రిటన్, స్పెయిన్, స్వీడన్‌లలో 8 నుంచి 13 ఏళ్ల పిల్లలనే అడిగి చూశారు. ఇంట్లోవాళ్లు తమతో గడిపే సమయం, మంచి దోస్తులు, ఆరుబయట చేయడానికి బోలెడు పనులు అన్నారు. కొత్త వస్తువుల మాట ఆ తర్వాతే.

ఈ మూడూ ఒక్కచోట దొరికే పండుగ తెలంగాణలోని సుల్తానాబాద్ వైపు ఉంది. అదే బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు వచ్చే ఈ ఆట పెళ్లికాని ఆడపిల్లలది. పుట్టమన్ను తెచ్చి, పీట మీద మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను పేర్చి, పూలు గుచ్చి, పొద్దుగూకగానే దాని చుట్టూ తిరుగుతూ చప్పట్లతో ఆడతారు. మన్ను పిసికేది, పూలు ఏరేది పిల్లలే. పాట అందించేది అమ్మమ్మలు, అమ్మలు. చివరి రోజు నీళ్లలో వదిలేస్తారు. మగపిల్లలకైతే కామునిపున్నమికి (హోలీకి) ముందు వెన్నెల రాత్రుల్లో జాజిరి: కోలలు కొడుతూ, పాడుతూ ఇల్లిల్లూ తిరగడం. దేనికీ దుకాణంలో బొమ్మ కొననక్కర్లేదు, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

ఆట పిల్లల హక్కు కూడా. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక (1989) 31వ అధికరణం ఆ మాటే చెబుతుంది. భారత్ అందులో 1992లో చేరింది. మన 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట వస్తువులు, గ్రంథాలయం ఉండాలంటుంది.