బండి ఒక పక్కకు వాలిందా? పట్టీ ఎక్కించే ముందు టేపు పట్టండి

మన పావగడ తాలూకాలో ఒకప్పుడు ఎద్దుల బండి చేసిన పనులన్నీ ఇప్పుడు పికప్ బండి చేస్తోంది. శెనక్కాయ మూటలు, చింతపండు, టమాటా బాక్సులు, సంతకు పోయే గొర్రెలు, బోరులోకి దింపే పైపులు, ఫిల్టరు నీళ్ళ క్యాన్లు, అన్నీ దాని మీదే. మూడు వైపులా ఆంధ్ర ఉన్న తాలూకా కాబట్టి పొద్దున మడకశిర, మధ్యాహ్నం కల్యాణదుర్గం, రాత్రికి మధుగిరి అన్నట్టు తిరుగుతుంది. చాలా ఇళ్ళలో పిల్లల ఫీజులూ, బండి అప్పు కంతులూ ఆ చక్రాల మీదే నడుస్తున్నాయి.

అలాంటి బండిని ఓ రోజు వెనక నుంచి చూస్తే ఒక పక్కకు వాలి ఉంటుంది. "ఎడమ కమాన్ కట్ట కూచుంది, ఒక పట్టీ ఎక్కించు" అని గ్యారేజీలో చెప్పేస్తాం. పట్టీ ఎక్కుతుంది, డబ్బు పోతుంది, నెల తిరిగేసరికి బండి మళ్ళీ వాలుతుంది. వాలు కనబడిన చోటే లోపం ఉందని అనుకోవడం వల్ల వచ్చే తంటా ఇది. కారణం పట్టుకున్నాకే రిపేరు చేయించాలి. దానికి కావలసింది ఒక టేపు, అరగంట సమయం.

లోడు సర్దిన తీరు చూడండి

కమాన్ కట్ట మీద ఎంత బరువు పడితే అంత కిందికి దిగుతుంది. రెండు పక్కలా సమానంగా పడితే సమానంగా దిగుతుంది. ఒక లెక్క చూద్దాం. రెండు కమాన్ కట్టల మధ్య దూరం ఒక మీటరు, మీద ఉన్న సరుకు 1,000 కిలోలు అనుకోండి. ఆ బరువు సరిగ్గా నడుమ ఉంటే ఒక్కో పక్క 500 కిలోలు. అదే బరువు కుడివైపుకు 20 సెంటీమీటర్లు జరిగితే కుడి కట్ట మీద 700, ఎడమ కట్ట మీద 300 కిలోలు పడతాయి. 10 కిలోలకు కట్ట ఒక మిల్లీమీటరు దిగుతుందనుకుంటే రెండు పక్కలకూ తేడా 40 మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర అంగుళం పైమాటే. కట్టల్లో ఏ లోపమూ లేదు. లోడు సర్దిన తీరే అంత పని చేసింది.

నీళ్ళ క్యాన్లు వేసే బండ్లు చూడండి. 20 లీటర్ల క్యాను అంటే 20 కిలోలు. 50 క్యాన్లయితే ఒక టన్ను. ఇళ్ళు రోడ్డుకు ఎడమ పక్కన ఉంటాయి కాబట్టి ఎడమ వరుస ముందు ఖాళీ అవుతుంది, కుడి వరుస చివరిదాకా ఉంటుంది. రోజూ సగం దూరం బండి కుడివైపు బరువుతోనే తిరుగుతుంది. సగం నిండిన నీళ్ళ ట్యాంకులో నీళ్ళు బండి ఎటు ఒరిగితే అటే పోతాయి. గొర్రెలు మలుపులో అన్నీ ఒకే పక్కకు ఒరుగుతాయి. మన పెద్దలు ఎద్దుల బండికి బరువు సరిచూసుకోకుండా కాడి ఎత్తేవాళ్ళు కాదు. ఆ జాగ్రత్త పికప్‌కూ కావాలి.

ఖాళీ బండిని కొలవండి

రోడ్డు మీద నిలిపి చూస్తే తప్పు లెక్క వస్తుంది. వాన నీళ్ళు జారిపోవడానికి తారు రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా వేస్తారు. మనం ఎడమ పక్కన నిలుపుతాం, ఎడమ చక్రాలు ఎటూ కిందనే ఉంటాయి. సిమెంటు వేసిన కళ్ళం, మార్కెట్ యార్డు, పెట్రోలు బంకు ఆవరణ లాంటి సమతలమైన చోట బండిని ఖాళీగా నిలపండి. నాలుగు టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి ఉందా, ఒక ఇరుసుకు రెండు పక్కలా ఒకే సైజు టైర్లు ఉన్నాయా చూసుకోండి. బండిని కొంచెం ముందుకూ వెనక్కూ కదిపి ఆపండి, కట్టలు సర్దుకుంటాయి.

ఇప్పుడు ప్రతి చక్రం దగ్గర రెండు కొలతలు తీయండి. నేల నుంచి చక్రం నడిమధ్యకు ఒకటి, అక్కడి నుంచి పైన మడ్‌గార్డు అంచుకు ఒకటి. మొదటిదాంట్లో తేడా ఉంటే లోపం టైరులో ఉంది. రెండోదాంట్లో ఉంటే పైన, అంటే కమాన్ కట్ట, దాని బిగింపులు, ఛాసిస్, బాడీలో ఎక్కడో ఉంది. మడ్‌గార్డు ఎప్పుడైనా నొక్కుకుపోయి సరిచేసినదైతే దాన్ని నమ్మకండి, ఛాసిస్ పట్టీ దాకా కొలవండి.

అర అంగుళం లోపు తేడాకు కంగారు అక్కర్లేదు. మన దేశంలో డ్రైవరు సీటు కుడి పక్క, డీజిల్ ట్యాంకు, బ్యాటరీ, స్టెప్నీ ఒక్కో బండికి ఒక్కో పక్క ఉంటాయి కాబట్టి కొద్ది తేడా సహజం. అంతకు మించినా, నెల నెలకూ పెరుగుతున్నా కారణం వెతకాలి.

లోపం ముందా, వెనకా?

చాలామంది వదిలేసే మెట్టు ఇది. ఛాసిస్ గట్టి వస్తువు. ముందు ఎడమ పక్క కుంగితే అది వెనక ఎడమ పక్కనూ కిందికి లాగుతుంది. వెనక కట్టలు బాగున్నా వెనక నుంచి చూసేవారికి వాలే కనబడుతుంది.

తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. గ్యారేజీలో వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ముందు భాగంలో ఛాసిస్ అడ్డ బీముకు సరిగ్గా నడుమ జాకీ పెట్టి ముందు కట్టల మీద బరువు తీసేయాలి. అప్పుడు బండి వెనక కట్టల మీద మాత్రమే నిలుస్తుంది. వాలు అలాగే ఉంటే లోపం వెనక ఉంది. వాలు పోతే ముందు ఉంది. ఆ సమయంలో బండి కిందికి ఎవరూ దూరకూడదు.

కొన్ని బండ్లకు ముందు కమాన్ కట్టలు ఉండవు, మెలిపడే ఇనుప కడ్డీలు ఉంటాయి. టార్షన్ బారు అంటారు. దాని బోల్టు తిప్పితే ఆ పక్క లేస్తుంది. లోపం వెనక పెట్టుకుని ఈ బోల్టు తిప్పి సరిచేస్తే కంటికి బాగుంటుంది గానీ, బరువు మూల నుంచి మూలకు మారి బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు గుంజుతుంది.

కమాన్ కట్టలో చూడవలసినవి

పట్టీలు ఒక్కొక్కటీ తుడిచి చూడండి. విరిగిన పట్టీ దగ్గర సన్నటి తుప్పు గీత కనబడుతుంది. పట్టీలన్నిటినీ నడుమ పట్టే సెంటర్ బోల్టు తెగితే ఇరుసు వెనక్కో ముందుకో జరుగుతుంది, బండి అడ్డంగా పోతున్నట్టు ఉంటుంది. యూ బోల్టులు వదులైతే పట్టీలు రాసుకుని విరుగుతాయి. కట్ట చివర ఊగే షాకిల్ తుప్పుతో బిగుసుకుపోతే, కట్ట బాగున్నా ఆ పక్క పైకే నిలిచిపోతుంది. అప్పుడు బాగున్న పక్కే వాలినట్టు కనబడుతుంది. బుష్‌లు అరిగినా, కట్టను మోసే బ్రాకెట్టు దగ్గర ఛాసిస్ చీలినా వాలు వస్తుంది. చీలిక కనబడితే లోడు ఎత్తకుండా ముందు అది చూపించండి.

షాక్ అబ్జార్బర్ మారిస్తే బండి లేస్తుందని కొందరు అంటారు. బండి ఎత్తును మోసేది కట్ట. షాక్ అబ్జార్బర్ పని ఊగును ఆపడం. కారుతుంటే మార్చాల్సిందే గానీ, వాలుకు అది మందు కాదు.

మన పల్లె రోడ్లలో ఎడమ పక్క కట్టలకు దెబ్బ ఎక్కువ. ఒంటి వరస రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. ఎదురుగా రెండున్నర మీటర్ల బస్సు వస్తే, 1.7 మీటర్ల పికప్ ఎడమ చక్రాలు మట్టిలోకి దిగక తప్పదు. నిండు లోడుతో ఆ అంచు దిగి ఎక్కిన ప్రతిసారీ దెబ్బ తగిలేది ఎడమ కట్టకే.

ఒక్క పక్కకే పట్టీ ఎందుకు వద్దు?

ఒక పక్క పట్టీ చేరిస్తే ఆ పక్క గట్టిపడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు బండి సమంగా కనబడుతుంది. లోడు వేయగానే మెత్తటి పక్క ఎక్కువ దిగుతుంది, వాలు అటు మారుతుంది. అందుకే కట్టలను జతగానే మార్చాలి, జతగానే చేర్చాలి. వంపు పోయిన పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచితే ఉక్కు పదును పోయి మళ్ళీ కూచుంటుంది. కొత్త కట్ట వేశాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించమనండి. కొన్ని బండ్లలో వెనక బ్రేకు బలాన్ని బండి ఎత్తును బట్టి సర్దే వాల్వు ఉంటుంది. కట్టలు మారిస్తే దాన్నీ సరిచూడాలి.

పట్టీలు చేర్చినంత మాత్రాన మోసే హక్కు పెరగదు. ఆర్‌సీలో రాసిన బరువే హద్దు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను ప్రకారం, 2019 సవరణ తరువాత, అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు. పైగా ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000.

వెనక ఎక్కే మనుషులు

వాలిన బండి నడిబరువు అప్పటికే ఒక పక్కకు జరిగి ఉంటుంది. మలుపులో అటే తోపు వస్తే బోల్తాకు దూరం తగ్గిపోతుంది. వెనక మనుషులు నిలబడితే బరువు ఇంకా పైకి పోతుంది. బోల్తా అనే మాట ఈ తాలూకాకు కొత్త కాదు. 2022 మార్చి 19న వై.ఎన్. హొసకోట నుంచి పావగడ వస్తున్న కిక్కిరిసిన ప్రైవేటు బస్సు పళవళ్ళి కట్ట దగ్గర పడి, చదువుకునే పిల్లలు ప్రాణాలు కోల్పోయారు.

పెళ్ళికో, దేవుడికో, కూలికో మన వాళ్ళను పికప్ వెనక ఎక్కించుకోవడం అలవాటైపోయింది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు పరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరుకుతోపాటు వెళ్ళే సరుకు యజమాని, అతని తరఫు మనిషి సంగతి వేరు. మిగతావారికి ఏమైనా జరిగితే ఆ భారం బండి యజమాని ఇంటి మీద పడుతుంది.

నాలుగు అంకెలు రాసిపెట్టండి

బండి పుస్తకాల సంచిలో ఒక చిన్న నోటుబుక్ ఉంచండి. మూడు నెలలకోసారి, తారీకు వేసి, నాలుగు చక్రాల దగ్గర ఎత్తు రాయండి. ఎఫ్‌సీకి పోయే ముందు తప్పకుండా రాయండి. ఎనిమిదేళ్ళ లోపు బండికి ఎఫ్‌సీ రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా. మధ్యలో బండిని చూసుకోవలసింది మనమే. గ్యారేజీకి పోయినప్పుడు తెలుగులో చెప్పినా, కన్నడంలో చెప్పినా "పట్టీ ఎక్కించు" అనకండి. "వెనక ఎడమ పక్క ముప్పావు అంగుళం తక్కువ ఉంది, మూడు నెలల కింద అర అంగుళమే ఉండె, కారణం చూడు" అనండి. అంకె చెప్పిన యజమానికి మేస్త్రీ కూడా అంకెతోనే జవాబు చెబుతాడు.