మీకు తెలుసా? లేసు కార్డిగన్ సైజు ఆరాకే తెలుస్తుంది

సూదుల మీంచి దించిన ఉన్ని లేసు కార్డిగన్ ముడుచుకుపోయి చిన్నదిగా కనిపిస్తుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెలిపెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కాలి. తర్వాత కొలతల ప్రకారం పరిచి, అంచుల వెంట గుండుసూదులు గుచ్చి ఆరనివ్వాలి. అప్పుడే కన్నాలు విచ్చుకుని డిజైను స్పష్టంగా తేలుతుంది. ఉన్ని ఈ ఆకారాన్ని చాలావరకు నిలుపుకుంటుంది. నూలుదైతే సొంత బరువుకే కిందికి సాగుతుంది. తొడిగి చూసినప్పుడు భుజం కుట్టు భుజం చివరనే ఉండాలి, బొత్తాల మధ్య పట్టీ విడిపోకూడదు. సూదులపై అల్లే ఈ లేసు కన్నా 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు వేరు: అది ఒకే కొక్కెపు సూదితో, నూలు దారంతో అల్లే క్రోషా పని.