తీగలకూ చెవులుంటాయి!

గోడలకు చెవులుంటాయని మన పెద్దలంటారు. తీగలకు కూడా చెవులు మొలుస్తాయనడానికి అమెరికాలో జరిగిన ఈ ఉదంతమే నిదర్శనం.

సాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఎ.టి. అండ్ టి. టెలిఫోను కంపెనీ భవనమొకటి ఉన్నది. 2003లో దాని ఆరవ అంతస్తులో 641ఎ నెంబరు గది వెలిసింది. మామూలు ఉద్యోగులకు అందులో ప్రవేశం లేదు. మార్క్ క్లైన్ అనే టెక్నీషియను కంపెనీ కాగితాలు చూసి గుట్టు గ్రహించాడు. ఇంటర్నెట్ సమాచారం సన్నని గాజు తీగలలో వెలుగై ప్రవహిస్తుంది కదా! ఆ వెలుగును రెండు పాయలుగా చీల్చి, ఒకదానిని ఆ గదిలోకి మళ్ళించారు. రెండవది యథాప్రకారం గమ్యం చేరుతుంది. ఉత్తరం విప్పి చదివితే కవరు మీద జాడ మిగులుతుంది. వెలుగును చీలిస్తే జాడ ఎక్కడ? ఆ గది ప్రభుత్వ గూఢచారి శాఖ అయిన జాతీయ భద్రతా సంస్థ కోసమేనని క్లైన్ 2006లో బయటపెట్టాడు.

గూఢచర్యానికి స్వదేశంలో పౌరుల మాటలు వినాలంటే ప్రత్యేక న్యాయస్థానం అనుమతి కావాలని 1978 నాటి చట్టం. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అధ్యక్షుడు బుష్ ఆ అనుమతి లేకుండానే వినమని రహస్యంగా ఆజ్ఞాపించాడు. 2005 డిసెంబరులో పత్రికలు ఆ సంగతి వెల్లడించాయి.

ఖాతాదారులు 2006లో కంపెనీపై దావా వేశారు. ఇది రాజ్య రహస్యం, విచారణే వద్దన్నది ప్రభుత్వం. న్యాయమూర్తి వాన్ వాకర్ ఒప్పుకోలేదు. అప్పుడు చట్టమే మారింది! సహకరించిన కంపెనీలపై వెనుకటి దావాలు సైతం చెల్లకుండా 2008లో కాంగ్రెసు శాసనం చేసింది. 2009లో దావా కొట్టివేశారు. 2012లో సుప్రీంకోర్టు కూడా చేపట్టలేదు. 2025లో క్లైన్ కన్నుమూశాడు.

దొంగల భయముంటే కాపలావాణ్ణి పెట్టుకోవడం వివేకమే. కాని వాడు ఏ గదికి చెవి ఆనించాడో ఇంటివారు అడగరాదంటే, ఇక ఆ ఇల్లు ఎవరిది?