వేలూరులో విశ్రాంతి దినం

సైకిలు మీద వందల కిలోమీటర్లు ప్రయాణం చేసేవారు మార్గమధ్యంలో ఒక రోజును ఖాళీగా ఉంచుకుంటారు. ఆ రోజు వారు ఊరు దాటరు. చెన్నై నుండి బెంగుళూరు వైపు సాగే సైకిలు యాత్రికునికి అలా ఆగడానికి అనువైన ఊరు వేలూరు. చెన్నైకి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, పాలారు ఒడ్డున ఉన్న ఈ నగరాన్ని రెండు రోజుల్లో చేరుకోవచ్చు. ఇక్కడి నుండి గుడియాత్తం మీదుగా పలమనేరు దారి పట్టినవారికి కొండ ఎదురవుతుంది. వేలూరు సముద్రమట్టానికి సుమారు 220 మీటర్ల ఎత్తున ఉంది. పలమనేరు ఎత్తు సుమారు 680 మీటర్లు.

రెండు రోజులు తొక్కినవాడు మూడవ రోజు ఆగడం దేనికి? అన్నం, ఇడ్లీ, అరటిపండు వంటి ఆహారంలోని పిండిపదార్థం గ్లైకోజన్‌గా మారి కండరాలలోను, కాలేయంలోను నిలువ ఉంటుంది. గంటల తరబడి తొక్కితే ఆ నిలువ తరిగిపోతుంది. కడుపునిండా తిన్నా అది మళ్ళీ నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కండరాల పోగులలో ఏర్పడిన సన్నని చీలికలు మానేదీ విశ్రాంతిలోనే, ముఖ్యంగా నిద్రలోనే. అలసిన కాళ్ళు మొరాయిస్తే సైకిలు దిగి నడవవచ్చు. మనస్సు అలసిపోతేనే ప్రమాదం. లారీలు పరుగెత్తే రహదారిలో వెనుక వచ్చే బండి చప్పుడును ఒక్క క్షణం ఆలస్యంగా గుర్తించినా ప్రాణం మీదికి వస్తుంది. ఇక వేసవిలో వేలూరు ఎండ సంగతి ఆ జిల్లావారికి చెప్పనక్కరలేదు.

వృత్తిగా సైకిలు తొక్కేవారికీ ఈ నియమం తప్పదు. ఫ్రాన్సు దేశంలో 1903లో మొదలైన 'టూర్ ద ఫ్రాన్స్' పందెంలో ఆనాడు ఆరు అంచెలే ఉండేవి. అంచెకూ అంచెకూ మధ్య ఆటగాళ్ళకు విరామం దొరికేది. ఈనాటి పందెంలో 21 అంచెలు, రెండు విశ్రాంతి దినాలు ఉన్నాయి. పిరనీసు పర్వతాల చెంత ఉన్న 'పో' నగరంలో ఆటగాళ్ళు అనేక పర్యాయాలు ఆ దినాన్ని గడిపారు. అయితే వారు మంచం దిగకుండా పడుకోరు. ఒకటి రెండు గంటలు మెల్లగా సైకిలు తొక్కుతారు. కాళ్ళలో రక్తం చక్కగా ప్రసరించి, బిగుసుకున్న కండరాలు సడలడానికి ఇది తోడ్పడుతుంది.

వేలూరులో ఆగిన యాత్రికుడు ఉదయం బట్టలు ఉతికి ఆరవేస్తాడు. చైను తుడిచి నూనె వేస్తాడు. టైర్లలో ముల్లుగాని, గాజుపెంకుగాని దిగిందేమో వేలితో తడిమి చూస్తాడు. ఆ తరువాత నడకకు కోట ఉండనే ఉంది.

16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో కట్టిన ఈ రాతికోట 133 ఎకరాల మేర వ్యాపించి ఉంది. దాని చుట్టూ నీటితో నిండిన అగడ్త ఉంది. లోపల జలకంఠేశ్వరాలయం, మసీదు, చర్చి మూడూ ఉన్నాయి. ఆలయ కల్యాణమండపంలోని స్తంభాలను చూడడానికే ఒక పూట చాలదు. శతాబ్దాల పాటు మూలవిరాట్టు లేకుండా ఉన్న ఈ గుడిలో 1981లో తిరిగి లింగప్రతిష్ఠ జరిగింది.

తెలుగువారి చరిత్రలో ఒక విషాద ఘట్టం ఈ కోటలోనే జరిగింది. 1614లో వెంకటపతిరాయలు మరణించాక, ఆయన వారసుడైన శ్రీరంగరాయలను జగ్గరాయుడు కుటుంబంతో సహా ఇక్కడ బంధించి చంపించాడు. బట్టలుతికే మనిషి ఒకడు శ్రీరంగరాయల కుమారుడైన బాల రామదేవుణ్ణి మూటలో దాచి బయటికి చేర్చాడని, యాచమనాయుడు ఆ బాలుని పక్షాన నిలిచాడని 1616లో ఒక పోర్చుగీసు మతగురువు తన లేఖలో రాశాడు. ఆ బాలుడే తరువాత రాజయ్యాడు.

1806 జూలై 10న ఇదే కోటలో సిపాయిలు తిరగబడ్డారు. కొత్త తలపాగా ధరించాలని, నుదుటి బొట్టు తీసివేయాలని, గడ్డాలు గొరిగించుకోవాలని ఆంగ్లేయ అధికారులు ఆజ్ఞాపించడం అందుకు తక్షణ కారణం. కబురు ఆర్కాటుకు చేరింది. గిలెస్పీ అనే అధికారి గుర్రపు దళంతో వచ్చి ఆ ఉదయమే కోటను తిరిగి పట్టుకున్నాడు. వందల మంది సిపాయిలు ప్రాణాలు కోల్పోయారు. ఆర్కాటు నుండి వేలూరుకు సుమారు 25 కిలోమీటర్లు. ముందురోజు ఆ దారినే తొక్కివచ్చిన యాత్రికునికి, ఆ గుర్రాలు ఎంత వేగంగా పరుగెత్తి ఉంటాయో ఎవరూ వివరించనక్కరలేదు. కారులో వచ్చినవారికి ఈ లెక్క అందదు.

మధ్యాహ్నం కడుపునిండా భోజనం, కొంత నిద్ర. కాయల సంతలో దొరికితే ఇలవంపాడి ముళ్ళ వంకాయ కూర రుచి చూడవలసిందే. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. రాత్రి త్వరగా పడుకోవాలి.

మరునాడు గుడియాత్తం వరకు ముప్పై కిలోమీటర్లు తేలికగా సాగుతాయి. వైద్యురాలు ఐడా స్కడర్ ఒకప్పుడు రోగులను చూడడానికి వారం వారం ప్రయాణించిన దారి ఇది. 1909 ప్రాంతంలో ఆమెకు లభించిన కారు ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ తయారుచేసినది. ఆ సంస్థ కార్లకు ముందే సైకిళ్ళు చేసింది! లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరుపొందిన గుడియాత్తంలో కౌండిన్య నది ఒడ్డున వైగాసి నెలలో గంగమ్మ సిరసు ఉత్సవం జరుగుతుంది. ఆ నది పలమనేరు వైపు కొండల నుండే దిగి వస్తుంది. యాత్రికుడు దానికి ఎదురుగా ఎక్కాలి. ఎండ ముదరక ముందే, నీళ్ళసీసాలు నింపుకొని బయలుదేరాలి.