విద్యుత్తొకచోట, డేటా కేంద్రములు వేరొకచోట

డేటా కేంద్రమనగా వేలకొలది గణనయంత్రములు రేయింబవళ్లు పనిచేయు భవనము. రెప్పపాటైనను ఆగని విద్యుత్తే దానికి ప్రాణము. మన రాష్ట్రమున నిట్టివి ప్రధానముగా హైదరాబాదు పరిసరములనే వెలసినవి. అమెజాన్ సంస్థ 2022లో తన కేంద్రములను అచటనే తెరచినది.

విద్యుత్తు పుట్టుచోటు వేరు. పూర్వపు కరీంనగరము జిల్లాలోని రామగుండమున ఎన్టీపీసీవారి 2600 మెగావాట్ల కేంద్రమును, దాని ప్రక్కనే 800 మెగావాట్ల క్రొత్త యూనిట్లు రెండును గలవు. గోదావరి కావల, పూర్వపు ఆదిలాబాదులోని జైపూరున సింగరేణివారి 1200 మెగావాట్ల కేంద్రము 2016 నుండి నడచుచున్నది. బొగ్గు ఈ సీమదే; బూడిదయు నిచటనే మిగులుచున్నది. కావున ఈ క్రొత్త పరిశ్రమలో ఉత్తర తెలంగాణమునకు భాగము రావలెనని మేము తలంచుచున్నాము.

అయితే చెంతనున్నంత మాత్రమున విద్యుత్తు చౌక కాదు. వినియోగదారు చెల్లించు ధర దూరమునుబట్టి కాక, తరగతినిబట్టి నియంత్రణ మండలి నిర్ణయించునది. సామీప్యము లాభమగుటకు ప్రభుత్వము ప్రత్యేక ధరను, ఒకటి తెగినను వేరొకటి పనిచేయునట్లు రెండు మార్గముల ఫైబరు తంతిని ఏర్పరుపవలెను.

నీటి విషయమున మరింత జాగరూకత వలయును. రామగుండపు వేసవి యెట్టిదో ఎల్లరెరుగుదురు. యంత్రములను చల్లబరచుటకు నీరు వాడుదురేని, సుమారు 20 టీఎంసీల ఎల్లంపల్లి జలాశయముపై మరొక భారము పడును. పైరులకును, పట్టణముల త్రాగునీటికిని అదియే ఆధారము.

ఇట్టి కేంద్రములు విద్యుత్తును విశేషముగా కోరును, కొలువులను కొలదిగా నిచ్చును. భూమి గలవారు ఎకరము ధరనే చూడక, నీరెంత, కొలువులెన్ని, పంచాయతీకి పన్నెంత యని ముందుగా వ్రాతమూలకముగా తేల్చుకొనవలెను. బొగ్గునిచ్చి బూడిదను మిగుల్చుకొన్న సీమ ఆ బేరమునే మరల చేయరాదు.