పట్టీ చివరి అతుకు

మీట నొక్కినా పలకకపోతే మీటే చెడిందనుకుంటాం. హైదరాబాద్ బోరబండలో మొబైళ్లు రిపేరు చేసేవాళ్ల కన్ను మాత్రం ముందు ‘స్ట్రిప్’ మీదికి వెళ్తుంది. వాల్యూమ్ బటన్‌నీ, టచ్‌నీ, మైక్రోవేవ్ మీటల పలకనీ బోర్డుకు కలిపే పల్చటి పట్టీ అది. ఆ పట్టీ బోర్డును తాకే చోట వేసిన అతుకే పరికరం ఆయుష్షును చాలావరకు తేలుస్తుందని నా వాదన. పట్టీ ఆలోచన పాతదే. 1903లో ఆల్బర్ట్ హాన్సన్ తీసుకున్న పేటెంటులోనే మైనపు కాగితానికి అంటించిన చదునైన లోహపు రేకు దారులున్నాయి. కానీ కాగితం వేడికి ఆగదు. 1960లలో డ్యూపాంట్ కంపెనీ కాప్టన్ అనే పాలీఇమైడ్ పొరను తెచ్చాక దారి దొరికింది. సీసం, తగరం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కాప్టన్ అంతకు రెట్టింపు వేడినీ ఓర్చుకుంటుంది. అందుకే ఫోన్లలో కనిపించే తేనెరంగు పట్టీల రాగి దారులకు నేరుగా టంకం పెట్టొచ్చు.

మైక్రోవేవ్ మీటల పలక పట్టీది వేరే జాతి. పాలియెస్టర్ పొర మీద వెండి సిరాతో దారులు అచ్చువేస్తారు. ఆ పొర 250 డిగ్రీలు దాటితే కరిగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన మామూలుగా 300 పైనే ఉంటుంది. పైగా ఆ సిరా బంకలో కలిపిన వెండి రేణువులే కాబట్టి టంకం దానికి సరిగా పట్టదు. తెగిన పట్టీకి ఐరన్ ఆనిస్తే పొర ముడుచుకుపోయి, మిగిలిన దారులూ పోతాయి. ఇక్కడ పనికొచ్చేది ప్రధానంగా ఒత్తిడే. పట్టీని పట్టి ఉంచే జిఫ్ కనెక్టర్ మూత ఎత్తి, పట్టీని బలం పెట్టకుండా చివరంటా జరిపి, మూత వాల్చితే లోపలి స్ప్రింగులు దారులను అదిమి పట్టుకుంటాయి. దారుల మధ్య దూరం చాలా తక్కువ. పట్టీ కాస్త వంకరగా దూరినా ఒక దారి పక్కదాని స్ప్రింగును తాకుతుంది. తిరగేసి పెడితే అసలు స్పర్శే ఉండదు.

కనెక్టర్ చోటు తింటుంది, ఖర్చు పెంచుతుంది, వేడితో అతికించేస్తే పోతుంది కదా అంటారు. నిజమే. టచ్ గాజు అంచున దారులు మరీ సన్నం. అక్కడ వాహక రేణువులు కలిపిన జిగురు పొరను వేడితో అదమడం తప్ప వేరే తోవ లేదు. అయితే అదే పట్టీ రెండో చివర బోర్డు వైపుంటుంది, అక్కడ ఆ ఇబ్బంది లేదు. అక్కడా శాశ్వతంగా అతికిస్తే పట్టీ తెగినందుకు బోర్డునే మార్చాల్సి వస్తుంది. జిఫ్ కనెక్టర్లు కొన్ని పదుల సార్లు తీసిపెడితే వదులవుతాయన్నది ఇంకో అభ్యంతరం. ఫోన్‌ను దాని జీవితకాలంలో ఎన్నిసార్లు విప్పుతాం? ఆ పదులు చాలు.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. అదొక్కటే చాలదు, ప్రతి పరికరం మాన్యువల్‌లోనూ పట్టీ ఏ పొరతో చేసిందో, పిన్నులెన్నో, వాటి మధ్య దూరమెంతో, దారులు ఏ వైపుంటాయో రాయాలి. ఆ నాలుగు వివరాలుంటే బోరబండ దుకాణదారు కోఠి గుజరాతీ గల్లీలో సరైన పట్టీ అడిగి తెచ్చుకోగలడు.